ఒక్క గీత కూడా పడలేదు

పాపన్న గడ్డపార భుజాన వేసుకుని సందు మలుపు తిరిగాడు. అది చూసి బయ్యన్న ఇంట్లోకి ఉరికి తలుపు గడియ పెట్టాడు. గడియకే వీపు ఆనించి నిలబడ్డాడు. భయం తన ప్రాణానికి కాదు, లోపల బల్ల మీద వెలుగుతున్న కంప్యూటర్‌కి.

"తలుపు తియ్యరా బయ్యన్నా! నీతో నాకు పన్లేదు. ఆ కంప్యూటర్‌తోనే పని."

"నా పీనుగు మీద నుంచి పోవాల!"

"అట్లయితే అదీ చేసిపోతా."

గడ్డపార పోటుకు తలుపు చెక్క ఒకటి చీలింది.

తప్పంతా బయ్యన్నదే. నోటి దూల, ఇంకేముంది!

పది దినాల కిందట బోరు గొడవలో పాపన్న, బయ్యన్న తమ్ముడు సుంకన్నను పట్టపగలు పార కామతో కొట్టి చంపాడు. మిద్దె మీద చెనక్కాయలు ఆరబోస్తున్న పద్మప్రియ, బయ్యన్న కూతురు, అంతా సెల్‌ఫోన్లో తీసింది. మర్నాడు పాపన్న ఆ పిల్లను జుట్టు పట్టి ఈడ్చి, ఫోను లాక్కుని బండకేసి పగలగొట్టాడు. పాపన్నకు జడిసి, సుంకన్న కాలుజారి పడ్డాడని ఊరంతా ఒక్క గొంతుతో చెప్పింది. అయితే ముందురోజు సాయంత్రమే పద్మప్రియ ఆ వీడియోను కంప్యూటర్లో వేసి పెట్టింది. ఆ సంగతి తండ్రీకూతుళ్లకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

కేసు పట్టిన వకీలు దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి తెమ్మన్నాడు. ఆ వస్తువు వీళ్ల ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది! పద్మప్రియ పొద్దున్నే గార్లదిన్నె బస్సెక్కింది.

"నాయనా, చిన్నాయన్ను చంపినాడనేదానికి ఇదొక్కటే సాక్ష్యం. నేనొచ్చేదాకా యాడికీ పోవాకు. కంప్యూటర్‌ను ఎవుర్నీ ముట్టనీకు."

"నువ్వు పోయిరా పాపా. నేనుండా కదా."

అన్నాడే గానీ, ఒక్క టీ తాగొద్దామని కొట్టు దాకా వెళ్లాడు. అక్కడ పాపన్న మనుషులు ఇకిలించారు. బయ్యన్నకు రోషం పొడుచుకొచ్చింది. "నవ్వండప్పా నవ్వండి! నా బిడ్డ కంప్యూటర్లో అంతా ఉండాది!" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకుని ఏం లాభం?

ఇంకో చెక్క చీలింది.

పద్మప్రియ డిగ్రీలో చేరినప్పుడు జత ఎద్దులను అమ్మి అనంతపురంలో ఎవరో వాడి వదిలేసిన ఆ కంప్యూటర్ తెచ్చాడు బయ్యన్న. ఎద్దులమ్మి టీవీ కొన్నాడని ఊరు పగలబడి నవ్వింది. నవ్వనీ. రోజూ తన తుండుగుడ్డతో దాని మొహం తుడిచేవాడు. అంతకు మించి వేలు పెట్టడానికి భయం. "దా నాయనా, ఏది ఏందో చూపిస్తా" అని కూతురు ఎన్నిసార్లు పిలిచిందో! "వేలిముద్రగాన్ని, నాకెందుకు పాపా" అని తప్పించుకునేవాడు. బిడ్డకు తెలిస్తే చాలదా, తండ్రికి కూడా తెలియాలా?

తలుపు ఊడి లోపలికి పడింది.

పాపన్న బయ్యన్న వైపు చూడనైనా లేదు. సరాసరి బల్ల మీదికే గడ్డపార ఎత్తాడు. బయ్యన్న అడ్డంగా దూకాడు. దెబ్బ భుజం మీద పడింది. ఎముక పటుక్కుమంది. కిందపడ్డవాడి చేతికి బల్ల కిందున్న కంప్యూటర్ స్టార్టర్ పెట్టె తగిలింది. రేకు పెట్టె, మంచి బరువు. వైర్లతో సహా పీక్కుని లేచాడు. పోతే పోనీ! బోరు దగ్గర ఎన్ని స్టార్టర్లు కాలిపోలేదు, ఎన్ని మార్చలేదు! మోటారు దక్కితే చాలు.

పాపన్న మళ్లీ కంప్యూటర్ మీదికి పొడిచాడు. బయ్యన్న పెట్టెను అడ్డం పెట్టాడు. గడ్డపార రేకును చీల్చుకుని లోపలికంటా దిగింది. మళ్లీ పొడిచాడు. మళ్లీ పెట్టే అడ్డం. మూడోసారి గడ్డపార అందులోనే ఇరుక్కుంది. పాపన్న దాన్ని లాక్కునే లోపల బయ్యన్న ఆ పెట్టెతోనే అతని మూతి మీద మోదాడు. పళ్లు రాలాయి.

"ఇది నా తమ్మునికి!"

మళ్లీ మోదాడు. ముక్కు చితికింది.

"ఇది నా బిడ్డ జుట్టు పట్టుకున్నందుకు!"

పెట్టె పగిలి, లోపలి పచ్చ అట్టలూ, మెరిసే బిళ్లా ముక్కలై రాలేదాకా మోదుతూనే ఉన్నాడు. చివరికి పాపన్న మోకాళ్ల మీద దేకుతూ, నెత్తురు కక్కుకుంటూ వీధిలో పడ్డాడు. మిగిలిన రేకును బయ్యన్న అతని వెనకాలే వాకిట్లోకి విసిరేశాడు.

కంప్యూటర్ నల్లగా ఉంది. కరెంటు పోయినట్టుంది. దాని మీద చిందిన నెత్తురును పనిచేసే చేత్తో తుండుగుడ్డ పట్టుకుని మెల్లగా తుడిచాడు. తిప్పి తిప్పి చూశాడు. తమ్ముడు పోయినాక మొదటిసారి అతనికి కడుపు నిండినట్టయింది.

పద్మప్రియ పరుగున వచ్చింది. పిడికిట్లో పెన్‌డ్రైవ్. ఊడిన తలుపునూ, వేలాడుతున్న తండ్రి చేతినీ చూసి "నాయనా!" అని కేక పెట్టింది.

బయ్యన్న నెత్తురు చిందిన మొహంతో నవ్వాడు.

"ఏడవాకు పాపా. నీ కంప్యూటర్ మీద ఒక్క గీత కూడా పడనీలేదు. కావాలంటే చూసుకో."

పద్మప్రియ బల్ల వైపు చూడలేదు. నేల మీద చెల్లాచెదురైన ముక్కల దగ్గర కూలబడింది. వంగిపోయిన బిళ్లను చేతిలోకి తీసుకుంది.

"నాయనా, బల్ల మీదుండేది ఉత్త తెర... చిన్నాయన ఉండింది ఈ పెట్టెలో."