బట్టమేక పిట్ట దారిలో తిప్పతీగ

అందరిదీ అయిన గడ్డిబీడు మీదుగా కరెంటు తీగలు లాగాలనుకున్న సింహం, ముందు మంచిచెడ్డలు విచారించి రమ్మని ఎలుగుబంటిని పంపింది.

"తీగలొస్తే మాకు చావే మామా," అంది బట్టమేక పిట్ట. "మా కళ్లు పక్కలకుంటాయి. ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్నది కనబడదు."

"అంత లావు తీగ కనబడదా?" అని ఎలుగు నవ్వింది.

"నమ్మకపోతే నాకు చెప్పకుండా నా దారిలో ఎక్కడైనా ఓ తిప్పతీగ కట్టి చూడు."

ఎలుగు అలాగే కట్టించింది. మర్నాడు పిట్ట ఎగురుతూ వచ్చి, దానికి తగిలి దబ్బున పడింది. ఎలుగు కంగారుగా పరుగెత్తి లేవనెత్తింది.

"ఇది తిప్పతీగ కాబట్టి లేచాను," అంది పిట్ట రెక్కలు దులుపుకుంటూ.

ఎలుగు తిన్నగా సింహం దగ్గరికి వెళ్లింది. "బీడు మీదుగా వద్దు ప్రభూ. చుట్టుదారైనా సరే, బాట పక్కన నేలలో పాతిద్దాం."

"ఇంత గట్టిగా చెబుతున్నావు, ఎవరి మాట ఇది?"

"పడి లేచినవాళ్ల మాట ప్రభూ."

సింహం సరేనంది.