పెద్దిల్లు ఎలా ఉండేదంటే

గుంతలు తవ్వడం అయింది, దూలాలు వచ్చాయి, పని మాత్రం ఆగిపోయింది. గుమ్మం ఎటువైపు పెట్టాలో ఎవరికీ తెలియదు.

"పెద్దవ్వను పిలవండి," అన్నాడు సంఘం ప్రెసిడెంటు.

తెగ మొత్తానికీ ఒకే ఒక్క పెద్దిల్లు ఉండేది. అది ఆనకట్ట నీళ్లలో మునిగిపోయి రెండు తరాలు దాటింది. కొండల మీద బతికిన వాళ్లంతా పట్నం చివర రేకుల ఇళ్లలోకి వచ్చి పడ్డారు. అప్పట్నుంచి పెళ్లయినా చావయినా అద్దె హాల్లోనే. పూర్వీకులను పిలిచే పాట సగంలో ఉండగానే హాలువాడు వచ్చి లైట్లు ఆర్పేసేవాడు. పిలుపు విని బయల్దేరిన పెద్దలు దారి మధ్యలో దిక్కుతోచక నిలబడిపోయి ఉంటారని పెద్దవ్వ దిగులు.

ఎన్నాళ్లో తిరగ్గా తిరగ్గా ప్రభుత్వం స్థలం ఇచ్చింది. కట్టేది అచ్చం పాత పెద్దిల్లులాగే ఉండాలని షరతు పెట్టింది. పాతది ఎరిగిన ముసలివాళ్లు ఒక్కొక్కరే కన్నుమూశారు. ఆ కాలం మనిషి ఇక్కడ మిగిలింది పెద్దవ్వే. ఆమె తమ్ముడు ఉన్నాడు గానీ, దూరాన కూతురి దగ్గర ఉంటాడు. చెవుడు. ఫోన్లో ఏమడిగినా "ఆఁ, భోంచేశాను" అంటాడు.

పెద్దవ్వ వచ్చి కుర్చీ వేయించుకుంది. కళ్లు మూసుకుంది.

"తూర్పుకు పెట్టండి," అంది కళ్లు తెరిచి. "ఎత్తుగా పెట్టండి. నెత్తిన కుండ ఉన్నా తగలకూడదు."

వడ్రంగి ఆమెకు అల్లుడు. నసుగుతూ అడిగాడు. "మనవాళ్ల గుమ్మాలన్నీ పొట్టివి కదా అత్తా?"

"పెద్దిల్లు గుమ్మం నువ్వు చూశావా?"

"లేదు."

"మరింకేం, ఎత్తుగా చెయ్యి."

ఆ రోజు నుంచి ఆమె కుర్చీ అక్కడే ఉండిపోయింది. ఎవరేది అడిగినా కళ్లు మూసుకునేది. కాసేపటికి జవాబుతో సహా తెరిచేది.

"నిప్పు చుట్టూ ఎవరు కూర్చునేవాళ్లు పిన్నీ?" అన్నాడు ప్రెసిడెంటు. ఆమె చెల్లెలి కొడుకే.

"ఆడవాళ్లు. వీపు ఆనుకోవడానికి బల్లలు కూడా ఉండాలి."

"మగవాళ్లో?"

"గుమ్మం పక్కన. గాలీ వానా కొడితే అడ్డం ఎవరో ఒకరు ఉండాలి కదా."

"ముందు మాట్లాడేదెవరు?"

"ఆడవాళ్లు. వాళ్లయ్యాక ఇంకా చెప్పేందుకేమైనా మిగిలితే మీరు."

"కట్టెలూ, ఊడవడం?"

"కట్టెలు మీరే తెస్తారు, ఊడిచేదీ మీరే. ఆడది పెద్దిల్లు ఊడిస్తే పెద్దలు అలుగుతారు."

ప్రెసిడెంటు తల గోక్కున్నాడు. "మన తాతలు మరీ ఇంత మంచివాళ్లా పిన్నీ?"

"వాళ్ల మంచితనం నీకేం తెలుసురా," అంది పెద్దవ్వ.

పనులు చూడటానికి వచ్చిన ఆఫీసరు కూడా ముచ్చటపడ్డాడు. కాలానికి ఇంత ముందున్న పూర్వీకుల గురించి తానెక్కడా చదవలేదన్నాడు. పెద్దవ్వ వినయంగా తల వంచుకుంది.

గోడలు లేచాయి. గడ్డి కప్పు పడింది. ఒక సాయంత్రం పెద్దవ్వ లోపల ఒంటరిగా నడిచింది. మధ్య స్తంభాన్ని అరచేత్తో చాలాసేపు తడిమింది. నిప్పు గుంట పక్కన చతికిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గుమ్మంలోంచి చూసిన అల్లుడికి జాలేసింది. పాత రోజులు గుర్తొచ్చాయి కాబోలు అనుకున్నాడు.

మర్నాడు ప్రెసిడెంటు నవ్వుకుంటూ వచ్చాడు. "పిన్నీ, శుభవార్త. ప్రారంభానికి మావయ్య వస్తున్నాడు. ఆయన కూడా చూసి సరే అంటే అక్కడికక్కడే స్థలం కాగితాల మీద సంతకం పెడతానన్నాడు ఆఫీసరు."

పెద్దవ్వ చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. "వాడొచ్చి ఏం చేస్తాడు? చెప్పింది వినపడి చావదు."

"చూడాల్సింది కళ్లతోనే కదా. అవి దివ్యంగా ఉన్నాయట."

ఆ పూట ఎవరేది అడిగినా ఆమె కళ్లు మూసుకోలేదు.

ప్రారంభం రోజు తెగ తెగంతా వచ్చింది. ఆడవాళ్లు నిప్పు చుట్టూ కాళ్లు బారచాపుకుని కూర్చున్నారు. మగవాళ్లు కట్టెలు మోసి, చెమట తుడుచుకుని, గుమ్మం దగ్గర ఒకరినొకరు నెట్టుకుంటూ సర్దుకున్నారు. కర్ర ఊతంగా తమ్ముడు వచ్చాడు. కప్పు కేసి చూశాడు. స్తంభాల కేసి చూశాడు. ఆడవాళ్ల మధ్య దర్జాగా కూర్చున్న అక్కను చూసి ఆగిపోయాడు.

అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన అక్క. వాడి మీద చెయ్యెత్తాల్సిన పని ఆమెకెప్పుడూ రాలేదు, ఒక చూపు చాలేది. ఇప్పుడా చూపు రాలేదు. పెద్దవ్వ నేల చూపులు చూస్తోంది.

ఆఫీసరు ముసలాయన చెవిలో నోరు పెట్టి అరిచాడు. "పాతది ఇలాగే ఉండేదా తాతా?"

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. మగవాళ్లను నెట్టుకుని గుమ్మం పక్కన కూలబడ్డాడు.

"అచ్చం ఇలాగే," అన్నాడు. "గుమ్మం దగ్గర గాలి కూడా ఇంతే. చలికి చచ్చేవాళ్లం."

ఆఫీసరు సంతకం పెట్టేశాడు. పెద్దవ్వ తలెత్తి తమ్ముణ్ణి చూసింది. ఆపైన పూర్వీకులను పిలిచే పాట తనే ఎత్తుకుంది.

పాత పెద్దిల్లు నీళ్లలో మునిగేదాకా, దాని గడప దాటి ఒక్క ఆడమనిషిని కూడా లోపల అడుగు పెట్టనివ్వలేదు.