తెలిసిన రాయి

“పరీక్షించకుండా కొనేది లేదు,” అని దుకాణంలో తండ్రి మొండికేశాడు.

కూతురికి ప్రాణం ఉసూరుమంది. కౌంటరు మీద రెండు కాలిక్యులేటర్లున్నాయి. మనుషుల ఆయుష్షును లెక్కగట్టే యాక్చువరీ పరీక్షకు రెండింటినీ అనుమతిస్తారు. ఏదో ఒకటి తీసుకుని, ఆయాసపడుతున్న మనిషిని ఇంటికి చేర్చుకుంటే చాలని ఆమె తొందర.

“నువ్వు ముందు కూర్చో నాన్నా.”

“కూర్చోడానికి నాకేమైంది? ఉత్త గ్యాసేనన్నావుగా!”

ఆమె కుర్చీని ఆయన దగ్గరికి జరిపింది. గ్యాసని చెప్పింది తనే మరి. పెద్ద డాక్టరు చెప్పిన అసలు మాటను పది రోజులుగా కడుపులో దాచుకుని తిరుగుతోంది. అది చెవిన పడ్డ రోజే ఆయన మంచం పట్టేస్తాడని ఆమె భయం.

ముప్పై ఎనిమిదేళ్లు కాటాలు బాగుచేసిన మనిషాయన. గ్రాము తేడా ఉన్నా, ఎంత బతిమాలినా, కాటాను దుకాణదారుడికి తిరిగిచ్చేవాడు కాదు. ఆయన కంటికి లోకంలోని ప్రతి యంత్రమూ కాటాయే.

“బరువు తెలిసిన రాయి పెట్టి చూడాలమ్మా. నిజం చెప్పేదేదో, కోతలు కోసేదేదో అప్పుడే బయటపడుతుంది. నీకు జవాబు తెలిసిన లెక్కేదైనా రెండింట్లోనూ కొట్టు.”

“బాబాయ్ చెప్పింది బాగుంది. కానివ్వండమ్మా,” అన్నాడు కొట్టాయన.

ఆ క్షణాన ఆమెకు ఒక్క లెక్క తప్ప మరేదీ తోచలేదు. డాక్టరు చూపించిన పట్టిక అది. ఈ జబ్బున్న వందమందిలో మూడు నెలలకు మిగిలేది ఎనభై ఇద్దరు. ఆరు నెలలకు అరవై ఒక్కరు. అలా తరిగి తరిగి ఏడాదిన్నరకు ఒక్కరూ ఉండరు. సగటున ఇంకెన్ని నెలలో తేల్చడం ఆమె చదువుకు చిటికెలో పని. ఈ పది రోజుల్లో అదే లెక్కను వందసార్లు వేసి, ప్రతిసారీ ఏడ్చింది.

వేళ్లు వాటంతటవే ఆ లెక్కలోని చివరి మెట్టును నొక్కాయి. ఒకటిన్నర ప్లస్ మూడు ఇంటూ రెండు పాయింట్ ఒకటి నాలుగు. ఎడమది 9.63 చూపింది. కుడిది 7.92.

“ఇదేంటి, చెరో మాట చెబుతున్నాయి!” తండ్రి ముందుకు వంగాడు.

“ఎడమది నొక్కిన వరసలోనే కట్టుకుంటూ పోతుంది నాన్నా. కుడిది ముందు గుణించి తర్వాత కలుపుతుంది. కుడిదే కరెక్టు.”

“ఇంతకీ దేని లెక్క ఇది?”

“పుస్తకంలోది. పాత మిషనొకటి ఇంకెన్ని నెలలు పనిచేస్తుందో చెప్పమన్న లెక్క.”

“ఏం మిషను?”

“ఏదో... మామూలు మిషను.”

తండ్రి జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, రెండు అంకెల వంకా మార్చి మార్చి చూశాడు.

“నీ పరీక్ష ఎప్పుడన్నావు?”

“ఇంకా ఏడు నెలలుంది.”

“మరి రిజల్టు?”

“ఆ తర్వాత రెండు నెలలకి.”

“అంటే తొమ్మిది,” అని ఆయన తనలో తాను గొణుక్కున్నాడు.

ఆమె కంగారుగా కొట్టాయన వైపు తిరిగింది. “కుడిది ప్యాక్ చేసెయ్యండి.”

తండ్రి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ఎడమదే కొనుక్కో తల్లీ,” అన్నాడు మెల్లగా. “దాని లెక్కనైతే నీ రిజల్టు చూసే పోతాను.”