ఆగాల్సిన ఎత్తు

తప్పులుంటే దిద్దుకొని చదవండి. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఈ కాస్త రాయడానికి పదకొండు రోజులు పట్టింది.

చంద్రవ్వ కాశీ నుంచి విమానంలో వస్తోంది. పెనిమిటి అస్థికలు గంగలో కలిపి, కూతురు శ్యామలతో తిరుగు ప్రయాణం.

హైదరాబాద్ దగ్గర పడింది. విమానం దిగుతోంది.

పక్క సీట్లో ఒక ముసలాయన. మాటా పలుకూ లేదు. కుడిచెయ్యి మాత్రం ఊరుకోవడం లేదు. ఎదురుగా ఏదో పిడి ఉన్నట్టు గాలిలోనే మెల్లమెల్లగా వెనక్కి గుంజుతున్నాడు.

పిచ్చోడా ఏంది, అనుకుంది చంద్రవ్వ.

ఉన్నట్టుండి విమానం ముక్కు పైకెత్తింది. దిగాల్సింది మళ్లీ ఎక్కుతోంది.

"ఏమైందే శ్యామలా?"

"నాకేం ఎరుక అవ్వా!"

ఒకరు టైరు పేలిందన్నారు. ఒకరు ఎదురుగా ఇంకో విమానం వచ్చిందన్నారు. వెనకాల ఎవరో కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నారు.

అప్పుడు పైలట్ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. శ్యామల విని చెప్పింది.

"ఒక ఎత్తు కాడ ఆగి, కిందోళ్లు చెప్పినంక దిగాల్నట. ఆగకుంట కిందికి వచ్చిండట. మళ్ల సరిచేసిండట. తప్పు నాదే, మాఫ్ చేయుండ్రి అంటుండు."

"పానాలు పోయినంక అడుగుతడా మాఫ్?"

ముసలాయన మొదటిసారి నోరు విప్పాడు. "అడిగిండు గద చెల్లె. దాసిపెట్టలే."

"నీ అల్లుడా ఏంది, ఎనకేసుకొస్తున్నవ్?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు.

విమానం క్షేమంగానే దిగింది.

సామాన్లు వచ్చేచోట ఓంప్రకాశ్ అనే ప్రయాణికుడు ఒక కాగితం రాశాడు, ఆ పైలట్‌ను కొలువులోంచి తీసేయాలని. అందరినీ సంతకాలు అడుగుతున్నాడు.

చంద్రవ్వ పెన్ను అందుకుంది. ఆ కాగితం చదవాలంటే ఆమెకు గంట పడుతుంది. సంతకమైతే నిమిషం. నేర్చి ఏడాది కాలేదు, ఎక్కడ అడిగినా పెట్టబుద్ధవుతుంది.

"జర ఆగు చెల్లె," అన్నాడు ముసలాయన. "గీయనను తీసేస్తే, రేపు ఇంకొకడు తప్పు చేసి నోరు మూసుకుంటడు."

"నా సంతకం నా ఇష్టం. నీకేం ఫికర్?"

పేరు రాసింది. పక్కన ఊరు రాసింది, గోదావరిఖని.

ఆయన ఆ ఊరి పేరు చూశాడు.

"మీ ఆయన బాయిల చేసెనా?"

"బొగ్గుబాయిలనే. ముప్పై ఏండ్లు. ఆయన అస్థికలు గంగల కలిపే వస్తున్నం."

"ఎట్ల పోయిండు? బాయిల గాదు గద?"

"కాదు. పని దిగినంక శానేండ్లు ఉన్నడు. ఇంట్లనే, మంచం మీద, నిద్రల పోయిండు."

"మంచిగైంది," అంటూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

మొగుడు పోతే మంచిగైందా! చంద్రవ్వ తిట్టేలోపే సంచి భుజాన వేసుకొని జనంలో కలిసిపోయాడు.

ఇంటికి వచ్చినా ఆ మాట మింగుడు పడలేదు. పెనిమిటితో కలిసి బాయిలో చేసిన కైలాసం పలకరించడానికి వస్తే, అంతా చెప్పింది.

"చెయ్యి ఎట్ల ఆడించిండు వదినా?"

చంద్రవ్వ చేసి చూపించింది.

కైలాసం చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అయ్యో, గాయన పర్శరాములు! మీద ఇంజన్ కాడ కూసొని పిడి గుంజుకుంట, మమ్ముల ఇనుప బోన్ల బాయిలకు దించెటోడు. ఒకనాడు ఖాళీ బోను ఆగాల్సిన కాడ ఆగకుంట కిందికి పోయింది. ఎవ్వలు సూడలే. ఆయననే పోయి మేనేజర్ దొరకు చెప్పిండు, నా చేతుల తప్పైంది, బ్రేకు సుత సూడుండ్రి అని. సూస్తే బ్రేకు అరిగిపోయింది. రెండో షిఫ్టు దిగకముందే మార్చిండ్రు."

"రెండో షిఫ్టుల..."

"మా అన్ననే ఉండె, నీ పెనిమిటి. నేనుంటి. కాలనీల మాత్రం బోను పడ్డదని పుకారు. ఆడోళ్లంత లొల్లి చేస్తిరి. పాపం, ఆయన కొలువు పాయె."

"ఇప్పుడు యాడుంటడు?"

"ఎవ్వలకెరుక వదినా!"

చంద్రవ్వ బొటనవేలు చీరకొంగుకు తుడుచుకుంటూ కూర్చుండిపోయింది.

ఆనాడు పర్శరాములును తీసేయాలన్న కాగితం మీద, అందరికన్నా ముందు పడ్డ వేలిముద్ర ఆమెదే.

రాసింది: చంద్రవ్వ, 66 ఏళ్లు, ఇప్పుడు ఉండేది మంచిర్యాలలో, కూతురి దగ్గర.