వంద దాటుతుంది

ఉదయం 8:52కి జలసంధిలో ఒక గ్యాసు ఓడ మీద క్షిపణి పడింది. తొమ్మిదికి మార్కెట్ తెరిచారు. నిన్న సాయంత్రం నలభై ఒకటి దగ్గర ఆగిన యూనిట్ గ్యాసు ధర అరవై ఏడు దగ్గర మొదలైంది.

విశ్లేషకురాలు రెండు అంకెలూ రాసుకుంది. పద్నాలుగేళ్ళుగా ఆమె పని అదే. ఎక్కడ ఏ గొడవ జరిగినా గ్యాసు ఎంత పెరుగుతుందో, ఎన్నాళ్ళు అలా ఉంటుందో లెక్కగట్టి పదకొండుకు రిపోర్టు ఇవ్వాలి. చందా కట్టిన కంపెనీలన్నిటికీ అది ఒకే నిమిషంలో అందుతుంది. అంతకు ముందు ఎవరికీ చెప్పకూడదు. ఆ మాట మీద సంతకం పెట్టించుకున్నాకే ఆమెకు కుర్చీ చూపించారు.

9:40కి అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఏం లెక్కలమ్మా, తీరిక లేదా?"

"చెప్పన్నయ్యా."

"సముద్రంలో ఎవడో ఎవడి మీదో బాంబేస్తే, మందు సీసాలు చేసుకునేవాడి కొంప మునగడమేంటే?"

"మునిగిందని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అందరూ నా మొహం చూస్తున్నారు. మీ చెల్లెల్ని కనుక్కో అని."

అన్నయ్య సీసాల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. అక్కడి ఫర్నేస్ తొమ్మిదేళ్ళుగా ఆరలేదు. ఆరితే లోపలి ఇటుకలు పగులుతాయి. మళ్ళీ కట్టడమంటే కొత్త ఫ్యాక్టరీ పెట్టినంత పని. నూట అరవై మంది దాని మీద బతుకుతున్నారు. మూడు వారాల క్రితం యుద్ధం మాట వినపడగానే వాళ్ళంతట వాళ్ళే క్యాంటీన్ పొయ్యి ఆపేశారు. ఇళ్ళ నుంచి క్యారేజీలు తెచ్చుకుని చల్లారిన అన్నం తింటున్నారు. ఆ కాస్త గ్యాసైనా ఫర్నేస్‌కు మిగులుతుందని.

"ఎందాకా పోతుందే?"

"పదకొండుకు తెలుస్తుంది."

"నాక్కూడానా?"

"నీక్కూడా."

అన్నయ్య నవ్వాడు. "చిన్నప్పుడు చిల్లర డబ్బాలో ఎంతుందో కూడా చెప్పేదానివి కాదు. పనిచేసుకో."

10:20కి మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి ఫ్యాక్టరీ యజమాని. ఆయనా చందాదారే.

"పొద్దున్నే కదిలిస్తున్నాను, ఏమనుకోకమ్మా. ఇక్కడితో ఆగుతుందా, ఇంకా పోతుందా?"

"రిపోర్టు పదకొండుకు వస్తుంది సార్."

"పదకొండు దాకా నేను కూర్చోలేనమ్మా. నూట అరవై కుటుంబాలు. ఏదో ఒకటి తేల్చుకోవాలి."

ఆమె రిపోర్టులు దిద్దే ఎడిటర్ గది వైపు చూసింది. తలుపు వేసి ఉంది. తెర మీద రెండు ఓడలు వెనక్కి తిరిగినట్టు కనిపిస్తోంది. అరవై ఏడుకు రెండు నెలల గ్యాసు కొనుక్కుంటే ఫ్యాక్టరీ నష్టంతోనైనా నడుస్తుంది. వందకు నడవదు. నాలుగు నిమిషాల కింద వేసిన లెక్క అది.

"ఆగదు సార్," అంది గొంతు తగ్గించి. "వంద దాటుతుంది. సాయంత్రానికే. మీరు చేసేదేదో ఇవాళే చేసేయండి."

"ఖాయమేనా?"

"ఖాయమే."

"ఎన్నాళ్ళుంటుంది?"

"రెండు నెలలు దిగదు."

అవతల కాగితం మీద ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "నీ మేలు మర్చిపోనమ్మా," అని పెట్టేశాడు.

ఆమె రిపోర్టు పూర్తి చేసింది. పదకొండుకు పంపింది. 11:07కి ధర ఎనభై నాలుగు.

12:15కి అన్నయ్య.

"ఆపేయమన్నారే."

"ఏంటి?"

"ఫర్నేస్. కరిగిన గాజంతా గుంటలోకి వదిలేసి మంట తీసెయ్యమన్నారు. గ్యాసు ధర కారణంగా అని నోటీసు పెట్టారు."

"పొద్దున కొనలేదా ఆయన?"

"ఏం కొంటాడు? వంద అంటున్నారుగా. మీ రిపోర్టే ప్రింటు తీసి నోటీసు పక్కన అంటించారు. కింద నీ పేరుంది."

ఆమె రిపోర్టు తెరిచి కింద తన పేరు చూసింది.

"మావాళ్ళు చదివారు. మీ చెల్లెలేగా అన్నారు. అవునన్నాను."

"అన్నయ్యా..."

"నువ్వేం చేస్తావే. ఉన్నది రాశావు. ఓనరు ఏడ్చినంత పనిచేశాడు. మేమే ఊరుకోబెట్టాం." అవతల ఎవరో పిలిచారు. "గాజు వదులుతున్నారు. నేను దగ్గరుండాలి. మీ వదినకి ఇప్పుడే చెప్పకు."

మూడింటికి ఎడిటర్ వచ్చి, అందరికంటే ముందు వంద అన్నది మనమేనని చెప్పాడు. ఆమె సరే అంది. అన్నయ్యకు యాభై మూడేళ్ళు. ఇంకో పని రాదు. ఆమె సీసాలో నీళ్ళు నింపుకొచ్చి బల్ల మీద పెట్టుకుంది. తాగలేదు. 4:10కి ధర వంద దాటింది. ఆ అంకె కూడా రాసుకుంది. 4:30కి అన్నయ్య నుంచి మెసేజ్ వచ్చింది. "ఆరింది."

ఐదున్నరకు రోజులో చివరి పని. ఆనాటి పెద్ద అమ్మకాలన్నీ బ్రోకరుతో సరిచూసుకోవాలి. ఎవరు అమ్మారు, ఎంతకు అమ్మారు, సరుకు ఎక్కడిది. అతను ఫోన్‌లో చదువుతాడు, ఆమె టిక్కు పెడుతుంది. ఇరవై రెండు అయ్యాయి.

"ఇంకొక్కటే మేడం," అన్నాడు బ్రోకరు. "ఈయనెవరో గానీ పొద్దున్నే జాతకం చూపించుకుని కూర్చున్నాడు."

ఆమె కలం పట్టుకుని వింది.

చివరి అమ్మకం 4:52కి, నూట మూడు దగ్గర జరిగింది. అమ్మింది సీసాల ఫ్యాక్టరీ, అమ్మిన సరుకు ఫర్నేస్ కోసం రెండేళ్ళ క్రితమే పద్దెనిమిది చొప్పున కొని ఉంచిన, ఇంకా పద్నాలుగు నెలలకు సరిపోయే గ్యాసు.