నూటికి నలభై ఒకటి

“నలభై ఒకటి కొట్టేయమ్మా. ఎనభై అని రాయి,” అంటూ హృషీకేశ్ ఎర్ర పెన్ను లోహిత ముందుకు తోశాడు.

తిరుపతిలోని ఆ పరిశోధన సంస్థకు ఆయనే డైరెక్టరు. మేడమీది గదిలో ఆయనతో పాటు మరో ఆరుగురు పెద్దలున్నారు. అణుబాంబులున్న రెండు శత్రుదేశాల మధ్య నిలకడ నూటికి ఎంతో చెప్పే నివేదిక అది. మూడేళ్లు కూర్చుని లెక్క కట్టింది లోహిత. రేపు ఆమె పేరుతోనే ఢిల్లీకి పోవాలి.

“క్షిపణి వస్తోందని అలారం మోగితే, నిజమో కాదో తేల్చుకోడానికి ఆరు నిమిషాలే సార్. ఆరు నిమిషాల్లో ఈడ్నించి అలిపిరికి కూడా పోలేం. ఎనభై ఎట్ల రాసేది?”

“పెద్ద పదవుల్లో ఉండేవాళ్లు అలారానికే బెదిరిపోతారా? నిదానంగా విచారించుకుంటారు. మీ పాకాల స్టేషన్లో రైలుకోసం ఉరికే జనం అనుకున్నావా?”

గదంతా నవ్వింది.

“నేను రాయను సార్,” అని లోహిత వరండాలోకి వచ్చేసింది. ఒళ్లు మండిపోతోంది. లోపల టీలు ఇస్తున్న ఆయా సిద్ధమ్మ వెనకాలే వచ్చి, ఆమె చేతిలోనూ ఒక గ్లాసు పెట్టింది.

“తాగు పాపా. వాళ్లెప్పుడూ అంతే,” అని ఖాళీ ట్రేతో వెళ్లిపోయింది.

టీ సగం కాకముందే ఫైర్ అలారం మోగింది.

తలుపు తోసుకుని ముందుగా వచ్చింది హృషీకేశే. “సిలిండరు పేలింది! దిగండి, దిగండి!” ఒక చెప్పు మెట్లమీదే వదిలేశాడు. వెనక మిగతా ఆరుగురూ ఒకరిమీద ఒకరు.

అందరూ కింద ఎండలో రొప్పుతుంటే, వాచ్‌మన్ లోపలంతా చూసొచ్చాడు. “పొగా లేదు, మంటా లేదు సార్. ఎవురో బటన్ నొక్కినారు.”

హృషీకేశ్ లోహిత వైపు తిరిగాడు. “వరండాలో ఉండింది నువ్వే కదా! నీ ఉద్యోగం ఊడబీకిస్తా.”

“నేను కాదు సార్.” లోహిత ఒక అడుగు ముందుకేసింది. “అయినా సిలిండరు పేలిందని మీకెవురు చెప్పినారు? కిందికి ఒక్క నిమిషంలో వచ్చేసినారు. ఆరిట్లో ఇంకా ఐదు నిమిషాలుండె. ఒక్కరన్నా తొంగి సూసినారా?”

అందరికంటే పెద్దాయన దగ్గుతూ అన్నాడు: “నలభై ఒకటే ఉండనీ హృషీకేశ్. ఆ పిల్లనేమీ అనొద్దు.”

హృషీకేశ్ చెప్పు కోసం మెట్లెక్కాడు. పెద్దాయన లోహితను చూసి నవ్వాడు. “భలే ధైర్యమమ్మా నీకు.”

“ఒట్టు సార్, నేను నొక్కలేదు.”

ఆయన నమ్మలేదు. నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. సిద్ధమ్మ వచ్చి, లోహిత చేతిలోని గ్లాసు అందుకుంది.

“నొక్కింది నేనే పాపా.”