మూడు పాదాల పాట

ధనుంజయరావు గారు బళ్ళో అడుగుపెట్టేసరికి ఎనిమిదో తరగతి గొంతెత్తి పాడుతోంది.

టీవీ తెర మీద ఎర్రబంతి ఎగురుతోంది. అది నేలకు తగిలినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టి కొత్త పాదం అందుకుంటున్నారు. ఆ టీవీ ఆయన ఇచ్చిందే. 'దాత: ధనుంజయరావు, స్కూల్ కమిటీ ఛైర్మన్' అని తెర కన్నా పెద్ద బోర్డు రాయించి దాని నెత్తిన పెట్టించారు. మనవరాలిని మాత్రం నరసరావుపేటలో, దాతల అవసరం లేని బడిలో చేర్పించారు.

"ఏందమ్మా ఇది? బడా, రికార్డింగ్ డాన్సా?"

షహనాజ్ టీచర్ టీవీ ఆపింది. "ఫిజిక్స్ సార్. శబ్దం పాఠం."

"ఫిజిక్సుకు పాటలేంది? మేమైతే బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్నాం."

ఆ దెబ్బల చదువుతోనే ఆయన పదో తరగతి మూడుసార్లు రాశారు. ఊరందరికీ తెలుసు. ఎవరూ అనరు.

టీచర్ మీద ఆయన కోపం పాటలు పాడిస్తోందని కాదు. గిలక మీద పాట కట్టింది. పలుగు మీద కట్టింది. ట్రాక్టర్ బ్రేకు వేస్తే జనం ముందుకెందుకు తూలతారో దాని మీదా కట్టింది. ఆగస్టు పదిహేనుకు "నా మీద ఒకటి కట్టమ్మా" అని కబురు పెడితే, "పాఠంలో లేరు సార్" అంది. ఆ రోజు నుంచి ఆమెను బదిలీ చేయించాలని ఆయన పంతం. ఫిర్యాదులో రాయడానికి కారణమే దొరకడం లేదు. ఆమె పోతే ఫిజిక్స్ చెప్పే దిక్కు లేదు. ఆమె రాకముందు మూడేళ్ళు ఆ పీరియడ్‌లో పిల్లలు గ్రౌండులో గడ్డి పీకారు.

హెడ్మాస్టర్ వెంకట్రామయ్య కుర్చీ తెచ్చి వేశాడు. పనిలో పనిగా నసిగాడు.

"వరండా పెచ్చులు ఊడుతున్నాయి సార్. మొన్న అన్నం పళ్ళెంలో పడ్డాయి. తమరి క్వారీలో పేల్చినప్పుడల్లా..."

"నా క్వారీ కిలోమీటరు అవతల. పర్మిషన్ కాగితంలో ఉంది. రాసిచ్చింది నేనే. మీ గోడలో సిమెంటు లేకపోతే నాదా తప్పు?"

వెంకట్రామయ్య తల ఊపాడు. తల ఊపడంలో అతనికి ముప్పై ఏళ్ళ సర్వీసు.

"సరే, ఈ పాటల గొప్పేందో చూద్దాం. పాడించమ్మా."

"కొత్త పాట ఉంది సార్," అంది షహనాజ్. "మీ క్వారీ పేలుడు చూస్తూ పాడేది. వీడియో తీస్తే నలుగురికీ చూపించుకోవచ్చు."

ఆయన మొహం వెలిగింది. మొత్తానికి పాటలోకి ఎక్కారు. వెంటనే క్వారీ మేస్త్రీకి ఫోన్ చేశారు.

"ఒరేయ్ బాజీ, ఇయాల ఎన్ని పెట్టార్రా? మూడా? ఐదేసి నిమిషాలకు పేల్చండి. ఒకటొకటిగా!"

అందరూ వరండాలోకి వచ్చారు. ఎదురుగా కొండ. ఆయన తన ఫోన్ హెడ్మాస్టర్ చేతిలో పెట్టారు. "దీంట్లో తియ్యి. మీ ఫోన్లలో మొహాలు రావు." కొండ కనబడేలా పక్కకు తిరిగి, మీసం సవరించుకుని నిలబడ్డారు.

పాటకు సిద్ధమని కీర్తి అనే పిల్ల చెయ్యెత్తింది. కొండ మీద దుమ్ము లేచింది.

"కన్ను ముందే!" అని తరగతంతా ఒక్కసారిగా అందుకుంది.

ఆ పాదం పూర్తయిందో లేదో ధడేలుమంది. పిల్లలు టక్కున ఆగిపోయారు. కిటికీలు గలగలలాడాయి. పైనుంచి సున్నం రాలి ఆయన ఇస్త్రీ చొక్కా మీద పడింది.

"అంతేనా?"

"ఇంకా రెండు పాదాలున్నాయి సార్," అంది కీర్తి.

"మరి పాడవేమే?"

"చప్పుడొచ్చింది గదా!"

ఆయన పగలబడి నవ్వారు. "విన్నావా వెంకట్రామయ్యా? చప్పుడుకే జడుసుకునే పిల్లలకు శబ్దం పాఠమంట!"

"మరోసారి పాడతారు సార్," అంది షహనాజ్.

రెండోసారీ ఒక్క పాదమే. మూడోసారీ అంతే. కావలసిన కారణం దొరికినందుకు ఆయన చానా సంతోషపడ్డారు. హెడ్మాస్టర్ గదిలోనే కూర్చుని ఫిర్యాదు రాశారు. 'నా సమక్షంలో, నా క్వారీలో మూడుసార్లు పేలుడు జరిపించగా, మూడు పాదాల పాటలో పిల్లలు ప్రతిసారీ ఒక్క పాదం మాత్రమే పాడగలిగినారు. ఈ టీచరు పాటల వల్ల పిల్లలకు ఏమీ రాలేదు. వీడియో జతపరచడమైనది.' కింద సంతకం. సంతకం మీద స్టాంపు. వీడియో సాయంత్రానికి ఊరి గ్రూపులన్నిటిలోనూ తిరిగింది.

వారానికి పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఫిర్యాదుకు టీచర్ సంజాయిషీ ఇవ్వాలి. లేకపోతే బదిలీ.

"ఏం రాస్తావమ్మా?" వెంకట్రామయ్య చేతులు నలుపుకున్నాడు. "సంతకం, స్టాంపు, వీడియో, అన్నీ ఉన్నాయి. కాదనడానికి లేదు."

"కాదనను సార్. అన్నీ నిజమేనని రాస్తా."

ఆమె రెండు నిమిషాల్లో రాసిచ్చింది. వెంకట్రామయ్య చదివాడు. వరండాలోకి వెళ్ళి కొండ వైపు చూసి వచ్చాడు. మళ్ళీ చదివాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి, ఎవరినీ అడక్కుండా సంతకం పెట్టాడు.

'ఛైర్మన్ గారు రాసినదంతా నిజమే. ఎర్రబంతి సెకనుకు ఒకసారి నేలకు తగిలేలా చేసి దుమ్ము లేచినప్పటి నుంచి చప్పుడు వినబడేదాకా, ఒక్కో పాదం సరిగ్గా ఒక్క సెకనులో పాడటం పిల్లలకు నేర్పాను, శబ్దం కిలోమీటరు దూరం రావడానికి మూడు సెకన్లు పడుతుంది, కాబట్టి వారి క్వారీ వారు రాసిచ్చిన చోటే ఉంటే పిల్లలు మూడు పాదాలూ పూర్తిగా పాడి ఉండేవారు.'